అర్జెంటు అర్థ నిర్ణయ సంఘం

జిల్లాకు కొత్తగా వచ్చిన పెద్ద అధికారికి లెక్కలంటే ప్రీతి. వచ్చిన మొదటి సోమవారమే జనం ఇచ్చిన అర్జీలన్నీ ముందేసుకుని కూర్చున్నాడు. మొత్తం నాలుగొందల పన్నెండు. అందులో నాలుగొందల తొమ్మిదింటి మీద ‘అర్జెంటు’ అని రాసి ఉంది. మిగిలిన మూడింటిలో ఒకటి ఎవరో పొరపాటున ఇచ్చి వెళ్లిన శుభలేఖ, ఒకటి తెల్లకాయితం. మూడోదాని మీద ‘వెరీ వెరీ’ అని ఉంది గానీ తర్వాతి మాట రాసేలోగా పెన్నులో సిరా అయిపోయినట్టుంది.

అందరిదీ అర్జెంటే అయితే ముందు ఎవరిది చూడాలని ఆయనకు సందేహం వచ్చింది. అర్జీలు చదివితే ఆ సందేహం తీరేదేమో. ఆయన చదవలేదు, ఉత్తర్వు ఇచ్చాడు.

“అర్జెంటు అను ఆంగ్ల పదము ప్రజలచేతను, సిబ్బందిచేతను విచక్షణారహితముగా వాడబడుచున్నట్లు ఈ కార్యాలయము దృష్టికి వచ్చినది. సదరు పదము యొక్క అర్థము, పుట్టుక, వాడుక నిర్ధారణ అగునంతవరకు, సదరు పదము గల అర్జీలన్నింటినీ పద పరిశీలన నిమిత్తము వేరుగా భద్రపరచవలెను.”

ఆ సాయంత్రమే నాలుగొందల తొమ్మిది అర్జీలు రికార్డు గదిలోని ఆకుపచ్చ బీరువాలోకి వెళ్లిపోయాయి. సిరా అయిపోయినదాన్ని కూడా, రాసినవాడి ఉద్దేశం స్పష్టంగానే ఉందని, వాటితోపాటే పెట్టారు. శుభలేఖ మీద మాత్రం చర్య తీసుకున్నారు. ఒక డిప్యూటీ తహసీల్దారు పెళ్లికి వెళ్లి భోంచేసి వచ్చాడు.

అర్థం నిర్ధారించడానికి ఒక సంఘం వేశారు. అందులో విషయ నిపుణుడిగా ముక్కామల కోదండపాణి గారిని పిలిచారు.

కోదండపాణి గారు ఆ ఊరి ప్రభుత్వ కాలేజీలో ముప్ఫై ఒక్క ఏళ్లు ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యారు. రిటైరైన ఈ ఆరేళ్లలో ఆయన్ని ఒక్క మాటకు అర్థం అడిగినవాళ్లు లేరు. అందరి చేతుల్లోనూ ఫోన్లున్నాయి. ఆయన మాత్రం రోజూ పొద్దున్నే పేపరు చదువుతూ తప్పుల కింద ఎర్ర గీతలు గీసి, ఆ పేపరు మడిచి జాగ్రత్త పెట్టేవారు. నెలాఖరున భార్య సుభద్రమ్మ వాటిని పాతపేపర్లవాడికి వేసేసేది.

అలాంటి మనిషి గుమ్మం ముందు ప్రభుత్వ కారు ఆగింది. ఆయన ఇస్త్రీ చొక్కా తొడుక్కుంటుంటే సుభద్రమ్మ అంది.

“ఒక్క మాటకి అర్థమేగా వాళ్లక్కావలసింది. ఫోన్లో అడిగితే చెప్పేసేవారు కదా.”

“ఇది ఫోన్లో తేలే వ్యవహారం కాదు,” అన్నారాయన అద్దంలో చూసుకుంటూ.

అప్పటికి ఆయన సరదాకే అన్నారు.

మొదటి సమావేశానికి అదనపు అధికారి త్రివిక్రమరావు గారు అధ్యక్షత వహించారు. బల్ల మీద ఎవరి పేరు వాళ్ల ముందు పెట్టారు. ‘ముక్కామల కోదండపాణి, విషయ నిపుణులు’ అన్న చెక్కపలకను ఆయన నాలుగుసార్లు చూసుకున్నారు. ఎదురుగా సంస్కృత పండితులు పేరి సోమయాజులు గారు. మినిట్సు రాయడానికి అర్జీల సెక్షన్ గుమాస్తా ప్రభుదాస్.

“గౌరవ సభ్యులు తమ అమూల్య అభిప్రాయాలను క్లుప్తంగానూ, సమగ్రంగానూ, తొందరపాటు లేకుండానూ వ్యక్తం చేయవలసిందిగా కోరుతున్నాను,” అన్నారు త్రివిక్రమరావు.

కోదండపాణి గారు గొంతు సవరించుకున్నారు. “లాటిన్‌లో ‘ఉర్గేరే’ అని ఒక క్రియ ఉందండి. నెట్టడం, తోయడం, ఒత్తిడి చేయడం అని అర్థం. అక్కణ్ణించి ఫ్రెంచిలోకి, ఫ్రెంచి నుంచి ఇంగ్లీషులోకి వచ్చింది. ఐదారు వందల ఏళ్లుగా వాడుకలో ఉంది. వెంటనే చూడకపోతే నష్టం జరుగుతుందనుకున్న పనిని అర్జెంటు అంటారు. అంతేనండి.”

దీనికి ముప్పావు నిమిషం పట్టింది. సంఘానికి ఇచ్చిన గడువు ఆరు నెలలు. ఇంత తొందరగా పని అయిపోతే మిగతా ఐదు నెలల ఇరవై తొమ్మిది రోజులూ ఏం చేయాలో ఉత్తర్వులో లేదు.

త్రివిక్రమరావు గారే తేరుకున్నారు. “దీన్ని ప్రాథమిక వ్యక్తిగత అభిప్రాయంగా నమోదు చేయండి.”

అప్పుడు సోమయాజులు గారు కళ్లు తెరిచారు. “లాటిన్ దాకా దేనికి? ఊర్జ అని మనకే ఒక శబ్దం ఉంది. బలం అని అర్థం. ఊర్జవంతమైనది ఊర్జంతం, జనం నోట అర్జెంటు. సీమలు తిరిగి మళ్లీ మన దగ్గరికే వచ్చింది.”

“నాదొక మనవి సార్,” అన్నాడు ప్రభుదాస్ కలం ఆపి. “ఆ మాట రాస్తున్నవాళ్లంతా అర్జీ పెట్టుకున్నవాళ్లే. అర్జీలోంచే పుట్టిందేమో.”

అదీ నమోదైంది. పుట్టుకలు మూడు తేలాయి గనక, ఒక్కోదానికి ఒక్కో సమావేశం పెట్టాలని తీర్మానించి జీడిపప్పు ఉప్మా తిన్నారు.

బయటికి వస్తుంటే వరండాలో బెంచీ మీద కూర్చున్న ఒకావిడ లేచి నిలబడింది. నలభై ఐదేళ్లుంటాయి. ఆశా కార్యకర్తల చీర కట్టుకుని, భుజాన గుడ్డసంచీ వేసుకుని ఉంది.

“మాస్టారూ, ఆ మాటకి అర్థం చెప్పడానికొచ్చింది మీరేనాండి?”

“నేనేనమ్మా.”

“నా పేరు కడలి పేరంటాలండి. మాది వెలగలంక. మా ఊరి పంటకాలవ మీద కర్ర వంతెన నడిమధ్యలో మూడు బల్లలు ఊడిపోయాయండి. బడి అవతలొడ్డునుందండి. ముప్ఫై ఎనిమిదిమంది పిల్లలు దాటాలి. ఇప్పుడంటే కాలవ కట్టేశారు గాబట్టి దిగి నడిచెళ్లిపోతున్నారు. జూన్‌లో నీళ్లొదిల్తే ఎలాగండి? ఆ ముక్కే రాసి, పైన అర్జెంటని రాశానండి. బీరువాలో పెట్టేశారంట.”

“మీ పని అర్జెంటేనమ్మా. అందులో అనుమానం లేదు.”

“మరి ఆ ముక్కే లోపల చెప్పండి మాస్టారూ.”

“చెప్పాను. నమోదు చేసుకున్నారు.”

పేరంటాలు సంతోషంగా బస్సెక్కింది. నమోదు చేసుకోవడమంటే పని అయిపోయినట్టేనని ఆవిడ అనుకుంది.

రెండో సమావేశానికి త్రివిక్రమరావు గారు స్వయంగా ఒక లావుపాటి నిఘంటువు మోసుకొచ్చారు. అందులో ‘ఆర్జెంట్’ అంటే వెండి అని ఉంది. అది వేరే మాట అనీ, రెంటికీ పుట్టుకలో ఏ సంబంధమూ లేదనీ కోదండపాణి గారు చెప్పారు.

“ఉచ్చారణలో ఇంత దగ్గరగా ఉన్న రెండు మాటలు ఒకదానికొకటి ఏమీ కావంటే పాలనాపరంగా నమ్మడం కష్టం,” అన్నారు అధ్యక్షులు. మధ్యేమార్గంగా, ఇకముందు అర్జెంటుగా తేలిన ఫైళ్లకు వెండిరంగు చీటీ అంటించాలని నిర్ణయించారు. చీటీల రంగు నిజంగా వెండిరంగేనా అని చూసే పని ప్రభుదాస్‌కు పడింది.

మూడో సమావేశం తర్వాత క్షేత్ర పర్యటన. ఆ మాట వాడుకలో ఉన్న చోట్లకే వెళ్లి చూడాలన్నది ఉద్దేశం. మొదట పెద్దాసుపత్రి అత్యవసర విభాగంలో గంటసేపు కూర్చున్నారు. ఇద్దరు వార్డుబాయ్‌లు స్ట్రెచర్ తోసుకుంటూ పరుగెత్తారు, ఒక నర్సు రక్తం సీసాతో పరుగెత్తింది, ఒక డాక్టరు సగం తిన్న ఇడ్లీ వదిలి పరుగెత్తాడు. ఆ గంటలో అర్జెంటు అన్న మాట ఎవరి నోటా రాలేదు. ‘ఆసుపత్రిలో అర్జెంటు పరిస్థితులేవీ సంఘం దృష్టికి రాలేదు’ అని ప్రభుదాస్ రాసుకున్నాడు.

తర్వాత బస్టాండు ఎదురుగా ఉన్న ఫోటో స్టూడియోకి వెళ్లారు. ‘ఐదు నిమిషాల్లో అర్జెంట్ ఫోటోలు’ అని బయట బోర్డు. యజమాని వీళ్లను చూసి, ఫోటో దిగడానికి వచ్చారనుకుని, కుర్చీలు వేసి వరసగా కూర్చోబెట్టి ఫోటో తీసి ఐదు నిమిషాల్లో చేతిలో పెట్టాడు. జిల్లా మొత్తం మీద ఆ మాటను దాని అర్థంలో వాడుతున్నది ఇతనొక్కడే అని కోదండపాణి గారికి అనిపించింది. అనుమతి లేకుండా వాడుతున్నందుకు అతని బోర్డుకు గుడ్డ కట్టించారు.

తిరిగి వచ్చేటప్పుడు కారులో ఆయన ఆ ఫోటో చూసుకున్నారు. అందులో తాను బాగానే పడ్డారు. అదే ఆయనకు కొంచెం ఇబ్బందిగా తోచింది. రాజీనామా చేద్దామా అనుకున్నారు. చేస్తే రేపట్నుంచి మళ్లీ పేపరూ ఎర్ర పెన్నూ. ఇంటికి చేరేసరికి ఆ ఆలోచన పోయింది.

ఇంతలో జనానికి సంగతి తెలిసిపోయింది. అర్జెంటని రాస్తే బీరువాలోకి పోతుందని గ్రహించి తెలివిగా రాయడం మొదలుపెట్టారు. ‘ఏమీ తొందర లేదు, తమకు వీలు చిక్కినప్పుడు మా ఇంటిమీదకి ఒరిగిన కరెంటు స్తంభం చూడగలరు.’ ‘మా నాన్నగారి పింఛను తీరిగ్గా ఇచ్చినా ఫరవాలేదు, ఆయన ఇంకా ఉన్నారు.’ ఇలాంటివి వందల్లో వచ్చాయి. వాళ్లే తొందర లేదంటున్నారు గనక వాటిని ‘తొందర లేనివి’ అని మరో బీరువా తెప్పించి అందులో పెట్టారు.

పేరంటాలు ఏప్రిల్‌లో మళ్లీ వచ్చింది. ఈసారి అర్జెంటు మాట తీసేసి కొత్త అర్జీ రాసుకొచ్చింది. ప్రభుదాస్ చూసి తల అడ్డంగా ఊపాడు.

“ఇదే విషయం మీద మీ అర్జీ ఒకటి పరిశీలనలో ఉందమ్మా. రెండోది తీసుకోకూడదు.”

“అయితే ఆ మొదటిది వెనక్కిచ్చెయ్యండి బాబూ.”

“వెనక్కి తీసుకుంటానని దరఖాస్తు ఇవ్వాలి.”

“ఇస్తానండి.”

“ఆ దరఖాస్తు మీ ఫైల్లోనే పెట్టాలి. ఫైలు బీరువాలో ఉంది. సంఘం నివేదిక వచ్చాకే బీరువా తెరుస్తారు.” ప్రభుదాస్ చెడ్డవాడు కాదు. ఆవిడ ముఖం చూసి గొంతు తగ్గించాడు. “నాకూ తెలుసమ్మా. నా చెల్లెలి ట్రాన్స్‌ఫరు కాయితం కూడా అందులోనే ఉంది.”

ఆవిడ వరండాలో కోదండపాణి గారి కోసం కాచుకుని కూర్చుంది. ఆయన రాగానే లేచింది.

“దొరికిందాండీ మాస్టారూ, అర్థం?”

ఆయన ఏదో చెప్పబోయి చేతి గడియారం చూసుకుని, సమావేశానికి వేళవుతోందని లోపలికి వెళ్లిపోయారు. ఆ రోజంతా సోమయాజులు గారు ఊర్జ శబ్దానికి ఉదాహరణలు చెబుతుంటే ఆయనకు ఒక్కటీ చెవికెక్కలేదు.

జూన్ రెండో వారంలో కాలువకు నీళ్లు వదిలారు. వదిలిన ఐదో రోజున పేరంటాలు వచ్చింది. కుడిచేతికి మోచేతి దాకా కట్టు ఉంది.

“ఏమైందమ్మా?” అన్నారు కోదండపాణి.

“టీకాల పెట్టె పట్టుకుని దాటుతున్నానండి. ఊడిన బల్లల దగ్గర కాలు జారింది. నిలువులోతు నీళ్లు, ఈదుకొచ్చేశాను. పెట్టె కొట్టుకుపోయిందండి. పదకొండుమంది చంటిపిల్లల టీకాలు అందులో ఉన్నాయి.” ఆవిడ ఏడవలేదు, మామూలుగానే చెప్పింది. “నా సంగతి సరేనండి. పిల్లలు బడి మానేశారు. పెద్దపిల్లలు ముగ్గురు మాత్రం మానమంటున్నారు. వాళ్ల గురించే నా భయం.”

కోదండపాణి గారు సమావేశంలోకి వెళ్లి కూర్చోకుండానే మాట్లాడారు. వెలగలంక వంతెన అర్జీని బీరువాలోంచి తీయించాలన్నారు.

“మీ ప్రతిపాదన అర్జెంటు స్వభావం కలిగినదా?” అని అడిగారు త్రివిక్రమరావు.

“కలిగినదే.”

“ఆ మాట మనమే నిషేధంలో ఉంచాం. సంఘమే ఉల్లంఘిస్తే బాగుండదు.”

“అయితే తక్షణం తీయించండి.”

సోమయాజులు గారు చెయ్యెత్తారు. “తక్షణం అంటే ఆ క్షణం. ఏ క్షణం? చెప్పినవారిదా, విన్నవారిదా? ఇదీ తేల్చవలసిన అంశమే.”

“చాలా విలువైన సూచన,” అన్నారు త్రివిక్రమరావు. “ఉపసంఘం వేద్దాం.”

కోదండపాణి గారు కోపం వస్తే క్లాసులో కేకలేసే మనిషి కాదు, సుద్దముక్క కింద పెట్టి బయటికి వెళ్లిపోయే మనిషి. ఇప్పుడూ అంతే చేశారు. వరండాలోకి వచ్చి పేరంటాలుతో అన్నారు.

“మీ ఊళ్లో తాటిదుంగలు దొరుకుతాయా?”

“దొరక్కేమండి. మొన్న గాలివానకి పడినవి నాలుగున్నాయి. కానీ గవర్నమెంటు వంతెన కదాండి, మనం ముట్టుకోవచ్చాండి?”

“అడిగితే కూడదంటారు. అడగొద్దు.”

ఇద్దరూ బస్సులో వెళ్లారు. ఇరవై ఏడు కిలోమీటర్లు. ఆయన ఇన్ని నెలలుగా ఆ వంతెన గురించి వింటున్నారు గానీ చూడడం అదే మొదలు. చాలా చిన్న వంతెన. ఇంత చిన్నదని తెలిసుంటే మొదటి రోజే వచ్చేవాణ్ణి కదా అనుకున్నారు. తర్వాత, పెద్దదైతే రాకపోవడం న్యాయమా అని తననే అడిగి చూసుకున్నారు.

ఊళ్లో మగవాళ్లు పదిహేనుమంది, ఆడవాళ్లు అంతకంటే ఎక్కువే వచ్చారు. తాటిదుంగలు రెండుగా చీల్చి, తాళ్లు కట్టి నీళ్ల మీదుగా అవతలికి లాగారు. కోదండపాణి గారు పంచె ఎగ్గట్టి తాడు పట్టుకున్నారు. అరచేతులు బొబ్బలెక్కాయి. ఆ పని తెలిసిన వడ్రంగి వాటిని పాత గుంజలకు బోల్టులతో బిగించి, పైన బల్లలు కొట్టాడు. మధ్యాహ్నం పన్నెండింటికి మొదలుపెట్టిన పని సాయంత్రం ఆరింటికి పూర్తయింది. పేరంటాలు కట్టుకట్టిన చెయ్యి గుండెకు ఆనించుకుని ముందు తాను నడిచి చూసింది. తర్వాత ఆయన్ని నడవమంది. ఆయన అవతలొడ్డు దాకా వెళ్లి వెనక్కి వచ్చారు. వంతెన కదల్లేదు.

ఆ రాత్రి సుభద్రమ్మ ఆయన చేతులకు వెన్న రాసింది. మర్నాడు పొద్దున పేపరు ఆయనకంటే ముందు తీసి తానే చదువుకుంది.

సంఘం సెప్టెంబరులో నివేదిక ఇచ్చింది. రెండొందల పద్నాలుగు పేజీలు. అర్జెంటు అనగా ‘యథాసమయమునకు ముందు కాకపోయినను, తరువాత కూడదని సంబంధితులు భావించునది’. పుట్టుక: వివాదాస్పదము. వాడుక: ఏ ఫైలైనా అర్జెంటా కాదా అన్నది విషయ నిపుణుడు ధ్రువీకరించి, సంతకం చేసి, వెండిరంగు చీటీ అంటించిన పిమ్మటనే ముందుకు కదలవలెను. ఆయన ధ్రువీకరణ వచ్చేవరకు సదరు ఫైలుపై ఏ అధికారియు ఏ చర్యయు తీసుకొనరాదు.

బీరువా తెరిచారు. అర్జీలన్నీ విచారణకు పంపారు. కొన్ని పనులు ఆలస్యమైనా జరిగాయి, కొన్నింటిలో అర్జీదారులు పోయారు. వెలగలంక వంతెన అప్పటికే బాగై ఉండడంతో ‘సంఘం కృషి ఫలితంగా పరిష్కృతం’ అని రాశారు.

కోదండపాణి గారికి రికార్డు గది పక్కన ఒక చిన్న గది ఇచ్చారు. వద్దని చెప్పడానికే ఆయన ఆ రోజు వచ్చారు. బల్ల మీద అప్పటికే ఒక ఫైలు ఉంది. విప్పి చూశారు.

కాలువల శాఖ ఇంజనీరు రాసింది. వెలగలంక వద్ద ప్రభుత్వ వంతెన మీద గుర్తుతెలియని వ్యక్తులు అనుమతి లేకుండా తాటిదుంగలు అమర్చినారు. ఈ నిర్మాణం నిబంధనలకు విరుద్ధం. కొత్త వంతెనకు అంచనాలు తయారు చేసే విషయం వచ్చే ఏడాది పరిశీలించబడును. ఈలోగా ఉన్నదాన్ని తొలగించుటకు అనుమతి కోరడమైనది. పైన ఎర్ర అక్షరాలతో ‘అర్జెంటు’ అని ఉంది. కింద త్రివిక్రమరావు గారి పచ్చ సిరా: ‘విషయ నిపుణుల ధ్రువీకరణకు.’

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. అర్జెంటే అని రాస్తే మూడు రోజుల్లో దుంగలు పీకేస్తారు. కాదని రాస్తే ఫైలు మామూలు దారిన ఇంజనీరు చేతికి వెళ్తుంది, అతను ఒక నెల ఆగి పీకిస్తాడు. రెండూ రాయకపోతే ఎవరూ ఏమీ చేయడానికి వీల్లేదు. నిబంధనలో అలాగే ఉంది. మరోసారి చదివి చూసుకున్నారు.

వద్దని చెప్పాలనుకున్న గదికి ఆ పూటే తాళంచెవి తీసుకున్నారు. ప్రభుదాస్‌ను పిలిచి రాసుకోమన్నారు. ఆరు నెలల్లో వినీ వినీ వంటబట్టిన భాష ఆయన నోట ఎక్కడా తడబడకుండా వచ్చింది.

“తొలగింపు అను పదమును సదరు ఇంజనీరు గారు ఏ అర్థములో వాడినారో స్పష్టత లేదు. కావున సదరు పదము యొక్క అర్థము, పుట్టుక, వాడుకలను గూర్చి ఆధారములతో కూడిన సమగ్ర నివేదికను మూడు ప్రతులలో పంపవలసినదిగా కోరడమైనది. ఇందు నిమిత్తము గడువేమియు విధించడము లేదు.”

ప్రభుదాస్ రాసి, తలెత్తి ఒక్క క్షణం ఆయన్ని చూశాడు.

“నివేదిక వస్తే ఏం చేద్దాం సార్?”

“తాటిదుంగ అంటే ఏమిటో అడుగుదాం,” అన్నారు కోదండపాణి గారు.

ఫైలు ఇప్పటికి నాలుగోసారి ఇంజనీరు ఆఫీసు నుంచి తిరిగి వచ్చింది. చాలా లావైంది. ఈసారి గుంజ అన్న మాట దగ్గర ఉన్నారు. ఒక్కరు కూడా బడి మానడం లేదని పేరంటాలు ఉత్తరం రాసింది. దాన్ని ఆయన ఫైల్లో పెట్టలేదు. జేబులో పెట్టుకున్నారు.